షాపులో దొంగతనం అనుమానం వస్తే సెక్యూరిటీ ఏం చెయ్యొచ్చు, ఎక్కడ ఆగాలి

గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ అన్నలకీ అక్కలకీ, ఫ్లోర్‌లో తిరిగే సేల్స్ పిల్లలకీ, వాళ్ళని పనిలో పెట్టుకున్న ఓనర్లకీ ఇది రాస్తున్నా. తిరుపతిలో గాంధీ రోడ్డు, ప్రకాశం రోడ్డు, ఎయిర్ బైపాస్ రోడ్డు, అటు చిత్తూరులో చర్చి వీధి, యాడ చూసినా ఇప్పుడు బట్టల షాపుకీ సూపర్ మార్కెట్‌కీ యూనిఫాం వేసుకున్న మనిషి ఒకరు ఉంటారు. ఆ మనిషికి డ్యూటీ ఎన్ని గంటలో చెప్తారు, యాడ నిలబడాలో చెప్తారు, కానీ ఎవరైనా సరుకు సంచిలో వేసుకుని పోతుంటే చట్టం ప్రకారం చెయ్యి యాడ దాకా పోవచ్చు అనేది మాత్రం చాలామందికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. సరుకు పోతే ఓనర్‌కి నష్టం, అది పూడ్చుకోవచ్చు. తప్పు మనిషిని పట్టుకున్నా, సరైన మనిషినే తప్పుగా పట్టుకున్నా, కేసులో మొదటి పేరు గేటు దగ్గర ఉన్న మీదే ఉంటాది. అందుకని డ్యూటీ ఎక్కక ముందే ఇది ఒకసారి చదువుకోండి.

ముందు ఈ ఒక్క సెక్షన్ అర్థం చేసుకోండి

2024 జులై 1 నుంచి అరెస్టు, దర్యాప్తు ఎట్లా జరగాలో చెప్పే పాత సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, అందరూ బీఎన్ఎస్ఎస్ అంటారు. ఏది నేరం, దానికి శిక్ష ఎంత అని చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్. సెక్యూరిటీ గార్డుకి పోలీసు పవర్ అని ఈ రెండింటిలో యాడా లేదు. ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లో వచ్చింది, దాంట్లో కూడా లేదు, అది ఏజెన్సీకి లైసెన్సు, గార్డుకి ట్రైనింగు, ఐడీ కార్డు గురించి చెప్తాది అంతే. మీకు ఉండే పవర్ రోడ్డు మీద పోయే మామూలు మనిషికి ఉండేదే, అది బీఎన్ఎస్ఎస్ 40వ సెక్షన్‌లో ఉంది, పాత సీఆర్‌పీసీలో 43.

అది ఏం చెప్తాదంటే, తన ఎదురుగా ఎవరైనా నాన్ బెయిలబుల్ (అంటే బెయిల్ హక్కుగా రాదు, కోర్టు ఇస్తేనే), కాగ్నిజబుల్ (అంటే పోలీసు వారెంట్ లేకుండానే అరెస్టు చెయ్యగల) నేరం చేస్తే మామూలు మనిషి కూడా వాళ్ళని పట్టుకోవచ్చు, లేదా ఇంకొకరితో పట్టించొచ్చు. పట్టుకున్నాక అనవసరంగా లేట్ చెయ్యకుండా, ఎట్టి పరిస్థితిలోనూ 6 గంటల్లోపల, పోలీసుకి అప్పజెప్పాలి, పోలీసు అక్కడ లేకపోతే దగ్గర్లోని స్టేషన్‌కి తీసుకుపోవాలి. ఈ 6 గంటల లెక్క పాత చట్టంలో లేదు, కొత్తగా పెట్టారు. చాలామంది దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు, 6 గంటలు మన దగ్గర పెట్టుకోవచ్చు అని, అట్లా కాదబ్బా, ముందు ఉన్న మాట అనవసరంగా లేట్ చెయ్యొద్దు అనేది, 6 గంటలు అనేది ఆఖరి గీత. తిరుపతి టౌన్‌లో ఈస్ట్, వెస్ట్, అలిపిరి, యూనివర్సిటీ క్యాంపస్, ఎంఆర్ పల్లి, ఇట్లా స్టేషన్లు దగ్గర దగ్గరే ఉన్నాయి, చిత్తూరులో వన్ టౌన్, టూ టౌన్ ఉన్నాయి, అట్లాంటప్పుడు మనిషిని రెండు గంటలు స్టోర్ రూమ్‌లో కూర్చోబెట్టి ఓనర్ వచ్చేదాకా ఉండు అంటే ఆ లేట్‌కి జవాబు మీరే చెప్పుకోవాలి.

ఇప్పుడు అసలు మెలిక చెప్తా, బాగా చదవండి. 40వ సెక్షన్ పవర్ రావాలంటే నేరం నాన్ బెయిలబుల్ అయి ఉండాలి, కాగ్నిజబుల్ కూడా అయి ఉండాలి, రెండూ. మామూలు దొంగతనం బీఎన్ఎస్ 303(2) కింద వస్తాది, 3 ఏళ్ళ దాకా జైలు, అది ఆ రెండు లెక్కల్లోకీ వస్తాది. కానీ సరుకు విలువ 5,000 రూపాయల లోపల ఉండి, మనిషికి అంతకు ముందు దొంగతనంలో శిక్ష పడి లేకుండా ఉండి, సరుకో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే, శిక్ష కమ్యూనిటీ సర్వీసు, అంటే జీతం లేకుండా జనానికి పనికొచ్చే పని చెయ్యడం మాత్రమే అని కొత్త చట్టంలో రాశారు, ఆ 5,000 లోపు దాన్ని బీఎన్ఎస్ఎస్ చివర ఉండే నేరాల పట్టికలో నాన్ కాగ్నిజబుల్, బెయిలబుల్ అని వేరుగా చూపించారు. మన షాపుల్లో పోయేవి ఏంది? షాంపూ, సెంటు బాటిల్, చాక్లెట్లు, ఒక టాప్, పిల్లల డ్రెస్సు, కవరింగ్ గాజులు. ఎక్కువ భాగం 5,000 లోపలే. అంటే మీరు రోజూ చూసే దొంగతనాల్లో చాలావాటికి మనిషిని బలవంతంగా ఆపే పవరే గట్టిగా లేదు.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, అది కూడా చెప్పాలి. సరుకు భద్రంగా పెట్టే బిల్డింగ్‌లో దొంగతనం చేస్తే బీఎన్ఎస్ 305 వస్తాది, 7 ఏళ్ళ దాకా శిక్ష, దాంట్లో ఈ 5,000 మినహాయింపు లేదు, పాత ఐపీసీ 380 ఇదే, షాపు కూడా సరుకు పెట్టే బిల్డింగే కదా అని పోలీసులు ఆ సెక్షన్ పెట్టొచ్చు. ఏ సెక్షన్ పెట్టాలి అనేది స్టేషన్‌లో రాసే ఆయనా, తర్వాత కోర్టూ తేల్చుకుంటారు. గేటు దగ్గర నిలబడి అర నిమిషంలో ఆ వాదన తేల్చే పని మీది కాదు. నా అభిప్రాయం అడిగితే, చిన్న సరుకైతే బలవంతంగా ఆపడం అనే ఆలోచనే పక్కన పెట్టండి, మర్యాదగా అడిగి సరుకు వెనక్కి తీసుకోవడం, రాసుకోవడం, పోలీసుకి చెప్పడం, ఈ మూడే చాలు.

మొదటి పని: మీ కళ్ళతో చూడండి, మొత్తం చూడండి

చట్టంలో తన ఎదురుగా అనే మాట ఊరికే లేదు. ఎవరో అన్నారని, మొహం చూస్తే అనుమానంగా ఉందని, చెప్పులు అరిగి ఉన్నాయని, ఎండలో కూడా పెద్ద సంచి వేసుకుని వచ్చారని, ఇవేవీ కారణాలు కావు. మీరు నాలుగు సంగతులు వరసగా చూసి ఉండాలి: మనిషి ర్యాక్ నుంచి సరుకు తీశారు, దాన్ని సంచిలోనో బట్టల్లోనో పెట్టారు, మళ్ళీ ర్యాక్‌లో పెట్టలేదు, బిల్లింగ్ కౌంటర్ దాటి డబ్బు కట్టకుండా బయటికి నడిచారు. మధ్యలో ఒక్క నిమిషం మీ చూపు తప్పినా, ఆ నిమిషంలో ఆమె ట్రయల్ రూమ్ దగ్గర ఆ చీరని వదిలేసి ఉండొచ్చు. అట్లా మధ్యలో తెగిపోతే ఆపకండి, అంతే.

కౌంటర్ దాటేదాకా ఎందుకు ఆగమంటున్నా అంటే, దొంగతనం అనేదాంట్లో దురుద్దేశం ఉండాలి. బుట్ట తీసుకోకుండా చేతి సంచిలో నాలుగు సబ్బులు వేసుకుని, కౌంటర్ దగ్గర బయటికి తీసి పెట్టేవాళ్ళు మనలో ఎంతమంది లేరు? పెద్దవాళ్ళకి సెల్ఫ్ సర్వీసు అలవాటు కూడా తక్కువ. ర్యాక్ దగ్గరే మీద పడితే, కట్టేదానికే పోతున్నా నాయనా అనే ఒక్క మాటతో మీరు నిలబడలేరు. ట్యాగ్ పీకడం, బార్‌కోడ్ స్టిక్కర్ మార్చడం, చీర మడతల్లో తోయడం, ఇవి చూస్తే ఉద్దేశం కొంచెం తేటగా తెలుస్తాది, వాటిని గుర్తు పెట్టుకోండి, అయినా కౌంటర్ దాకా ఓపిక పట్టండి.

ఫ్లోర్‌లో సేల్స్ అమ్మాయి చూసింది, మీరు గేటు దగ్గర ఉన్నారు, అప్పుడెట్ల? పట్టించొచ్చు అనే మాట సెక్షన్‌లోనే ఉంది కదా, చూసిన అమ్మాయి గేటు దగ్గరికి వచ్చి ఫలానా మనిషి, ఫలానా సరుకు, నేను చూశా అని చెప్పాలి. వాకీటాకీలో ఎర్ర చొక్కా అని ఒక్క ముక్క వినపడితే సరిపోదు. తిరుపతిలో ఇది ఇంకా జాగ్రత్త, కొండ దిగి వచ్చిన కుటుంబంలో అయిదుగురూ గుండు, అందరికీ నామం, తెల్ల పంచెలు, ఆడవాళ్ళతో సహా తలనీలాలు ఇచ్చి ఉంటారు. గుండాయన అని చెప్తే ఆ పూట షాపులో ఉన్న సగం మంది గుండ్లే. అందుకే సంచి రంగు, చెప్పులు, చేతికి ఏం కట్టుకున్నారు, పక్కన ఎవరున్నారు, ఇట్లాంటివి చూసి చెప్పుకోవడం అలవాటు చేసుకోండి.

సీసీటీవీలో నిన్నటిది చూసి, ఈరోజు అదే మనిషి వచ్చాడని పట్టుకోవడం కుదరదు. నిన్న జరిగింది మీ ఎదురుగా జరగలేదు. అట్లాంటప్పుడు ఫుటేజీ తీసి పెట్టి పోలీసులకి ఫోన్ చెయ్యండి, వాళ్ళొచ్చి చూసుకుంటారు. షాపులోకి రావొద్దని చెప్పే హక్కు మాత్రం ఓనర్‌కి ఉంటాది, మెల్లగా చెప్పి పంపించెయ్యొచ్చు.

గేటు దగ్గర సెన్సర్ బీప్ కొట్టిందా, అది కూడా రుజువు కాదు. కౌంటర్‌లో ట్యాగ్ తియ్యడం మర్చిపోయినా కొడతాది, పక్క షాపులో కొన్న బట్టకి ట్యాగ్ ఉన్నా కొడతాది. బీప్ కొడితే బిల్లు చూపించమని అడగండి, అంతకు మించి ఏం లేదు.

రెండో పని: మాట

ఇక్కడే తొంభై పాళ్ళు గెలుపో ఓటమో తేలిపోతాది. దొంగ అనే మాట నోట్లోంచి రాకూడదు, ఎప్పుడూ, సరుకు చేతికి దొరికినా సరే. గేటు దాటిన వెంటనే, పక్కకి వచ్చి, వెనక నుంచి భుజం మీద చెయ్యి వెయ్యకుండా ముందుకి వచ్చి కనపడి, మామూలు గొంతుతో, "సార్ ఒక్క నిమిషం, బిల్లులో ఒక ఐటెం మిస్సయినట్టుంది, కౌంటర్ దగ్గర చూసేద్దామా" అనండి. "అమ్మా, మా వాళ్ళు బిల్లు కొట్టడం మర్చిపోయారేమో, ఒకసారి రండి" అనండి. తప్పు మన మీద వేసుకుని మాట్లాడితే ఎదుటి మనిషికి వెనక్కి రావడానికి దారి దొరుకుతాది, చాలామంది అయ్యో మర్చిపోయా అని తీసి ఇచ్చేస్తారు, కొంతమంది నిజంగానే మర్చిపోయి ఉంటారు.

మన ఊరికి సగం మంది తమిళనాడు, కర్ణాటక నుంచి వచ్చినోళ్ళే, ఇంకా పైనుంచి హిందీ వాళ్ళు. భాష రాక గొంతు పెంచితే గొడవ అనుకుని చుట్టూ జనం చేరతారు. "సార్, ఒరు నిమిషం, బిల్లు పార్కలామా" అనే ముక్క నేర్చుకోవడం కష్టం ఏం కాదు, కన్నడంలో, హిందీలో ఇదే మాట స్టాఫ్‌లో తెలిసినోళ్ళని అడిగి గేటు దగ్గర రాసి పెట్టుకోండి. మాలలో ఉన్నోళ్ళనీ దర్శనానికి వచ్చినోళ్ళనీ సామీ అని పిలవడం మనకి ఎట్లాగూ అలవాటే, ఆ పిలుపు ఆపద సమయంలో చాలా పని చేస్తాది.

మనిషి రాను, నీకేం హక్కుంది అంటే? వాళ్ళు అడిగేది న్యాయమైన ప్రశ్నే. చిన్న సరుకైతే ఆపకండి. ఏ టైం, ఏ డ్రెస్సు, ఏ వైపు పోయారు, బండి నంబరు, ఆటో అయితే దాని నంబరు, ఇవి రాసుకుని పోలీసు ఎమర్జెన్సీ నంబరు 112కి ఫోన్ చెయ్యండి. రోడ్డు మీద వెంటపడి పరిగెత్తడం వద్దు, సెంటు బాటిల్ కోసం బస్టాండ్ దగ్గర ట్రాఫిక్‌లో ప్రాణం మీదకి తెచ్చుకునేంత విలువ ఏ సరుకుకీ లేదు.

మూడో పని: చెయ్యి వెయ్యాల్సి వస్తే

పెద్ద సరుకు, 20 వేల ఫోనో వెండి సామానో, మీరే మొత్తం చూశారు, మనిషి ఆగడం లేదు. అప్పుడు దారికి అడ్డం నిలబడొచ్చు, చెయ్యి పట్టుకోవచ్చు, సరుకుని గట్టిగా పట్టుకుని వదలకుండా ఉండొచ్చు. ఆత్మరక్షణ లాగే ఆస్తి రక్షణ హక్కు కూడా బీఎన్ఎస్‌లో ఉంది, 34 నుంచి 44 దాకా సెక్షన్లు. వాటిలో రెండు ముక్కలు గుర్తుంచుకోండి. అవసరానికి మించి దెబ్బ తగలకూడదు అనేది 37లో ఉంది. దొంగతనం విషయంలో ఆ హక్కు దొంగ సరుకుతో తప్పించుకుని పోయేదాకా, లేదా పోలీసు సాయం అందేదాకా, లేదా సరుకు తిరిగి దొరికేదాకా మాత్రమే అనేది 43లో ఉంది.

ఆ ఆఖరి మాట చూడండి. సరుకు మీ చేతికి వచ్చేసిన క్షణానికి ఆ హక్కు అయిపోయింది. ఆ తర్వాత కొట్టే ఒక్క చెంపదెబ్బ కూడా మీ మీద కేసే, గాయపరచడం కింద బీఎన్ఎస్ 115(2), ఏడాది దాకా జైలు, 10,000 దాకా జరిమానా. జనం చేరి తలా ఒక దెబ్బ వేస్తుంటే ఆపాల్సింది కూడా మీరే, ఎందుకంటే ఆ మనిషి ఇప్పుడు మీ చేతిలో ఉన్నారు. అందుకే లోపలికి తీసుకురండి, షట్టర్ దగ్గర జనం మధ్యలో నిలబెట్టొద్దు. తాడుతో కట్టెయ్యడం, స్తంభానికి కట్టడం, మోకాళ్ళ మీద కూర్చోబెట్టడం, వీటికి చట్టంలో చోటే లేదు, పోలీసులకే తప్పించుకోకుండా ఉండేదానికి మించి బంధించే హక్కు లేదని బీఎన్ఎస్ఎస్ 46 చెప్తాది.

ఎదుటి మనిషి కత్తి తీసినా, సరుకు తీసుకుపోవడం కోసం మిమ్మల్ని కొట్టినా అది దొంగతనం దాటి దోపిడీ అయిపోతాది, సరుకు విలువతో పని లేదు, పోలీసు సీరియస్‌గా తీసుకునే కేసు. చట్టం మీ వైపే ఉంటాది, కానీ అప్పుడు మీరు చెయ్యాల్సింది దారి వదలడం, మొహం గుర్తు పెట్టుకోవడం, ఫోన్ చెయ్యడం. ఇంటి దగ్గర మీకోసం చూసేవాళ్ళు ఉన్నారు.

నాలుగో పని: సంచి వెతకడం గురించి

వెతికే హక్కు మీకు లేదు. దీంట్లో అటూ ఇటూ ఏం లేదు. మామూలు మనిషి సక్రమంగా పట్టుకుని అప్పజెప్పినా సరే, ఒళ్ళు వెతకాల్సింది అప్పజెప్పించుకున్న పోలీసు ఆఫీసరే అని బీఎన్ఎస్ఎస్ 49 స్పష్టంగా రాసింది, ఆడమనిషైతే ఇంకో ఆడమనిషి చేతే వెతికించాలి, అదీ మర్యాద తప్పకుండా. మీరు అడగొచ్చు, వాళ్ళు ఒప్పుకుని వాళ్ళ చేత్తో వాళ్ళు సంచి తెరిచి చూపిస్తే చూడొచ్చు. ఒప్పుకోకపోతే పోలీసు వచ్చేదాకా ఆ సంచి అట్లాగే ఉండాలి.

ఆడవాళ్ళ విషయంలో మగ గార్డు చెయ్యి కూడా తగలనివ్వొద్దు, ఎంత తొందరైనా. ఎవరు ఏ ఉద్దేశంతో పట్టుకున్నారు అనేది తర్వాత చెప్పుకోవడం చాలా కష్టం, ఆడమనిషి గౌరవానికి భంగం కలిగించే కేసు బీఎన్ఎస్ 74, తక్కువలో తక్కువ ఏడాది, 5 ఏళ్ళ దాకా. ట్రయల్ రూమ్‌లోకి తీసుకుపోయి చీర విప్పి చూపించమనడం ఇంకా పెద్ద నేరం, చేసేది ఆడ స్టాఫ్ అయినా సరే. ఓనర్లకి ఒక మాట: పండగ సీజన్లో, బ్రహ్మోత్సవాలప్పుడు నలుగురు మగ గార్డులని పెట్టే బదులు ఇద్దరు మగ, ఇద్దరు ఆడ గార్డులని పెట్టండి, మిగతా ఏ ఖర్చు కన్నా ఇది మీకు ఎక్కువ కాపాడతాది. ట్రయల్ రూమ్ లోపల కెమెరా అనే ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపెయ్యండి, అది జైలుకి పోయే పని.

అయిదో పని: పోలీసు వచ్చేదాకా

ముందు ఫోన్, తర్వాతే మిగతావి. కాల్ చేసిన టైం మీ ఫోన్లో ఉంటాది, మీరు లేట్ చెయ్యలేదు అని చెప్పేది అదే. తర్వాత మనిషిని కుర్చీలో కూర్చోబెట్టండి, గది తలుపు తెరిచే ఉంచండి, బయట గడియ పెట్టొద్దు, మీతో పాటు ఇంకో స్టాఫ్ ఉండాలి, ఆడమనిషైతే ఆడ స్టాఫ్ పక్కనే ఉండాలి. మంచినీళ్ళు ఇవ్వండి. వాళ్ళ ఫోన్ లాక్కోవద్దు, ఇంటికి ఫోన్ చేసుకోనివ్వండి. షుగర్ ఉందంటే, మాత్ర వేసుకోవాలంటే, బాత్రూమ్ అంటే, కాదనొద్దు. దర్శనం చేసుకుని రాత్రి ట్రైన్‌కి పోయేవాళ్ళు ఉంటారు, మీకు అది చిన్న సంగతి అనిపిస్తాది కానీ తర్వాత వాళ్ళ కంప్లైంట్‌లో మొదటి లైను అదే అవుతాది.

ఇప్పుడు ఆ గదిలో చెయ్యకూడని పనులు. ఇవి మన దగ్గర చాలా చోట్ల మామూలు అయిపోయాయి, అందుకే కొంచెం గట్టిగా చెప్తున్నా.

తప్పు ఒప్పుకుంటున్నా అని కాగితం రాయించుకోవడం. మనిషిని నిర్బంధించి నేరం ఒప్పించడానికో, సరుకు తిరిగి ఇప్పించుకోవడానికో ప్రయత్నిస్తే బీఎన్ఎస్ 127(8), 3 ఏళ్ళ దాకా. దానికోసం కొడితే 120(1), 7 ఏళ్ళ దాకా. లెక్క చూడండి, షాంపూ బాటిల్ ఎత్తుకున్న మనిషికి పడేది కమ్యూనిటీ సర్వీసు, కొట్టి రాయించుకున్న గార్డుకి పడగలిగేది 7 ఏళ్ళు. బెదిరించి రాయించుకున్న కాగితానికి కోర్టులో విలువ కూడా ఉండదు.

పది రెట్లు ఫైన్. కౌంటర్ దగ్గర బోర్డు పెట్టినంత మాత్రాన ప్రైవేటు షాపుకి జరిమానా వేసే అధికారం రాదు. ఇంత కట్టు లేకపోతే పోలీసులకి చెప్తాం, మీ ఇంటికి చెప్తాం అని డబ్బు లాగితే అది బలవంతపు వసూలు, బీఎన్ఎస్ 308, 7 ఏళ్ళ దాకా. సరుకు వెనక్కి తీసుకోవచ్చు, లేదా మనిషి ఇష్టంగా దాని ధర కట్టి తీసుకుపోతే బిల్లు కొట్టి ఇవ్వొచ్చు, ఎంఆర్‌పీ మించి ఒక్క రూపాయి వద్దు.

ఫోటోలు, వీడియోలు. పట్టుకున్న మనిషి మొహం ఫోన్లో తీసి షాపు గ్రూపులో పెట్టడం, స్టేటస్ పెట్టడం, గోడ మీద దొంగలు అని అంటించడం. కోర్టు దోషి అని చెప్పేదాకా ఎవరూ దొంగ కాదు, పరువు నష్టం కేసు బీఎన్ఎస్ 356 కింద 2 ఏళ్ళ దాకా ఉంది. కేసు సంగతి అట్లా ఉంచండి, మన ఊళ్ళో ఒక ఆడమనిషి వీడియో ఒకసారి తిరిగితే ఆమె పిల్లలు స్కూల్‌కి ఎట్ల పోతారో ఆలోచించండి, ఆ మూడు వందల వస్తువుకి ఇది శిక్షా?

పిల్లలైతే

18 లోపల ఉన్నోళ్ళకి వేరే చట్టం, 2015 జువైనల్ జస్టిస్ యాక్టు. కొట్టడం, గదిలో పెట్టడం, పోలీస్ జీపు ఎక్కిస్తా అని బెదిరించడం, ఇవేవీ వద్దు. ముందు అమ్మానాన్నలకి చెప్పండి. పిల్లలు ఒంటరిగా ఉన్నారు, ఎవరూ లేరంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి, స్టేషన్‌లో పిల్లల కోసం ఉండే ఆఫీసర్ చూసుకుంటారు. 7 ఏళ్ళ లోపు పిల్లలు చేసింది చట్టం దృష్టిలో అసలు నేరమే కాదు. పిల్లల పేరు, ఫోటో, స్కూల్ బయటికి వచ్చేట్టు చేస్తే 6 నెలల జైలో, 2 లక్షల దాకా జరిమానానో, రెండూనో. బస్టాండ్, రైల్వే స్టేషన్ చుట్టూ తిరిగే పిల్లల్లో కొంతమంది వెనక పెద్దోళ్ళు ఉంటారు, వాళ్ళని బయటికి తేవాల్సింది పోలీసులు, మనం పిల్లోడిని కొట్టడం వల్ల ఆ పెద్దోడికి ఏం కాదు.

ఆరో పని: అప్పజెప్పడం, కాగితం

ఒక తెల్ల కాగితం మీద మీరు చూసింది చూసినట్టు రాయండి. తేదీ, టైం, ఏ ర్యాక్, ఏ సరుకు, ఎంఆర్‌పీ ఎంత, ఎక్కడ పెట్టుకున్నారు, కౌంటర్ ఎప్పుడు దాటారు, ఏ టైంకి ఆపారు, మీరేం అన్నారు, వాళ్ళేం అన్నారు, ఎన్నింటికి ఫోన్ చేశారు, ఎవరు సాక్షులు. అనుకున్నది, అనిపించింది రాయొద్దు. సరుకుని కవర్లో పెట్టి పక్కన ఉంచండి, మళ్ళీ ర్యాక్‌లో పెట్టి అమ్మెయ్యొద్దు. మనిషిని అప్పజెప్పినట్టు, ఏ టైంకి అప్పజెప్పారో, వచ్చిన పోలీసాయన దగ్గర రాయించుకోండి, ఆ ఒక్క సంతకం 6 గంటల ప్రశ్నకి మీ జవాబు.

ఫుటేజీ అదే రోజు కాపీ చేసి పెట్టండి, కెమెరా రికార్డింగ్ ఉండే పెట్టె (డీవీఆర్) నిండితే పాతది దానంతట అదే చెరిగిపోతాది. కోర్టులో పనికి రావాలంటే సాక్ష్యాల గురించి వచ్చిన కొత్త చట్టం, భారతీయ సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ కావాలి, దాంట్లో ఒక భాగం షాపు వైపు నుంచి, ఇంకో భాగం ఎక్స్‌పర్ట్ నుంచి ఉంటాది, ఓనర్ ఇది పోలీసులని అడిగి తెలుసుకోవాలి.

5,000 లోపు నాన్ కాగ్నిజబుల్ అని పోలీసులు తీసుకుంటే, మెజిస్ట్రేట్ ఆర్డర్ లేకుండా వాళ్ళు దర్యాప్తు చెయ్యలేరు, రిజిస్టర్‌లో రాసుకుని మిమ్మల్ని మెజిస్ట్రేట్ దగ్గరికి పొమ్మంటారు. పెద్ద కేసులో కూడా చాలాసార్లు అరెస్టు చెయ్యకుండా బీఎన్ఎస్ఎస్ 35(3) కింద నోటీసు ఇచ్చి పంపిస్తారు. అది చూసి పోలీసులు దొంగని వదిలేశారు, ఈసారి మనమే చూసుకుందాం అని గార్డులు కోపం తెచ్చుకుంటారు, ఆ కోపంలో తర్వాతి మనిషికి దెబ్బలు పడతాయి. నోటీసు ఇస్తే కేసు పోయినట్టు కాదు, చట్టమే అట్లా ఉంది. ఎఫ్ఐఆర్ అయితే కాపీ ఫ్రీగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. కాగ్నిజబుల్ కేసు కూడా తీసుకోము అంటే ఎస్పీ గారికి పోస్టులో పంపొచ్చు, తర్వాత మెజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు.

తప్పు మనిషిని ఆపినట్టు తేలితే వెంటనే వదిలెయ్యండి, మేనేజర్ వచ్చి అందరి ముందూ సారీ చెప్పాలి, ఎందుకంటే ఆపింది అందరి ముందే కదా. వివరాలు రాసి పెట్టుకోండి. దారికి అడ్డుపడటానికే బీఎన్ఎస్ 126 కింద నెల దాకా జైలు, గదిలో పెడితే 127(2) కింద ఏడాది దాకా ఉంది, అయినా నిజంగా మర్యాదగా అడిగి వదిలేసిన చోట కేసు దాకా పోయేవాళ్ళు తక్కువ.

గార్డు జీతం గురించి ఓనర్లకి

గార్డులు చెయ్యి చేసుకోవడానికి పెద్ద కారణం ఒకటి ఉంది, పోయిన సరుకు డబ్బు వాళ్ళ జీతంలో కోసేస్తారనే భయం. నెలకి వచ్చేదే తక్కువ, దాంట్లో ఒక ఫోన్ ధర కోస్తే ఇల్లు గడవదు, అందుకే కనపడిన ప్రతి సంచినీ అనుమానంగా చూస్తారు. జీతాల చట్టం ఏం చెప్తాదంటే, సరుకు ప్రత్యేకంగా ఆ మనిషి చేతికి అప్పజెప్పి ఉండాలి, పోవడానికి నేరుగా ఆ మనిషి నిర్లక్ష్యమే కారణం అయి ఉండాలి, కొయ్యక ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. షాపు మొత్తంలో ఏది పోయినా గేటు దగ్గర ఆయనే కట్టాలి అనేది ఈ మూడింటిలో దేనికీ సరిపోదు.

అట్లాగే ఏజెన్సీకి లైసెన్సు ఉందా చూడండి, లేకుండా నడిపితే ఏడాది దాకా జైలో, 25,000 దాకా జరిమానానో, రెండూనో. గార్డుకి ఫోటో ఐడీ కార్డు ఉండాలి, యూనిఫాం పోలీసు డ్రెస్సులా కనపడకూడదు. కేంద్రం మోడల్ రూల్స్ ప్రకారం 100 గంటలు క్లాసు, 60 గంటలు ఫీల్డ్ ట్రైనింగ్ ఉండాలి, మీ గేటు దగ్గర ఉన్న మనిషికి అది ఇచ్చారా అని ఏజెన్సీని అడగండి, ఇవ్వకపోతే ఇచ్చాకే డ్యూటీకి పంపమనండి.

మీ మీదే కేసు పడితే

స్టేషన్‌కి రమ్మని నోటీసు వస్తే పోకుండా ఉండొద్దు, పోయేటప్పుడు మీరు రాసిన కాగితం, పోలీసు సంతకం ఉన్న కాగితం, ఫుటేజీ కాపీ, డ్యూటీ రోస్టర్, ఐడీ కార్డు తీసుకుపోండి. ఓనర్ చెప్పమన్నట్టు కాకుండా జరిగింది జరిగినట్టు చెప్పండి. లాయర్‌కి ఇచ్చే డబ్బు లేదంటే 15100కి ఫోన్ చెయ్యండి, అది న్యాయ సేవల హెల్ప్‌లైన్, చిత్తూరు జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నోళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, మిగతావాళ్ళకి ఆదాయం లెక్క ఉంటాది, ఆధార్, ఆదాయ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకుని పోండి. షాపు ఆపిందని బాధ పడే కస్టమర్లకి కూడా అదే నంబరు.